ఇసోజిమా ఆఖరి మాట

కమాండర్ ఇసోజిమాను చంపింది నేను కాదు. ఆయన్ని చంపింది ఉకితా మాస్టారు. అదీ పన్నెండేళ్ళు వారం వారం బొమ్మలు గీసి పెంచాక, పద్దెనిమిది పేజీల్లో, వానలో, తగలబడుతున్న ఓడ డెక్కు మీద చంపాడు. నేను చేసింది అంతకంటే చిన్న పని. చచ్చిపోతూ కమాండర్ అన్న ఆఖరి మాటను మార్చేశాను. నన్నెవరూ మార్చమనలేదు.

నా పేరు కజితాని యసుకె. టోక్యోలో పాత పుస్తకాల కొట్లుండే జింబోచో వెనకసందులో, మెట్ల కింద ఒక గదిలో, అక్షరాలు వేసే మెషీను పెట్టుకుని ముప్పై ఒక్క ఏళ్ళు బతికాను. కంప్యూటర్లు రాకముందు సంగతి. గాజు పలక మీద వేల అక్షరాలుంటాయి. కావలసిన అక్షరాన్ని కటకం కిందికి జరిపి మీట నొక్కితే గచ్చుమని ఫోటో కాగితం మీద పడుతుంది. దాన్ని మా ఆవిడ ఫుసాఎ చీకటిగదిలో కడిగి ఆరబెడుతుంది. పత్రికవాళ్ళు ముక్కలుగా కత్తిరించి బొమ్మల్లోని మాటల బుడగల్లో అతికించుకుంటారు. మీరు చదివిన మాంగా బొమ్మల కథల్లో వీరుల అరుపులూ పిల్లల ఏడుపులూ సగం నా వేళ్ళ మీదుగా వచ్చినవే.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. నా దగ్గరికి బొమ్మలు రావు. మాటలు మాత్రమే వస్తాయి. ఎడిటరు ఒక కాగితం మీద వరసగా రాసి, ఏది ఎంత సైజులో వెయ్యాలో పక్కన ఎర్రసిరాతో గీసి ఇస్తాడు. ఎవరు ఎవరితో అంటున్నారో, నవ్వుతూ అంటున్నారో నెత్తురు కక్కుతూ అంటున్నారో నాకు తెలియదు. తెలుసుకోవాలని నేనూ అనుకోలేదు. అక్షరం తప్పు పోకూడదు, అంతే. ఆ విషయంలో నాకు కొమ్ములుండేవి. ఎడిటర్లు రాసిచ్చిన తప్పులు నేనే దిద్ది వేసేవాణ్ణి. "కజితాని బాబాయ్ వేస్తే మళ్ళీ చూడక్కర్లేదు" అని వాళ్ళంటుంటే లోలోపల పొంగిపోయేవాణ్ణి.

ఇంకొకటి చిన్న అక్షరాల సంగతి. మా జపాను పెద్ద అక్షరాల్లో ఒక్కొక్కటీ ఒక మాటలాంటిది, చదవడం పిల్లలకి కష్టం. అందుకని పిల్లల పత్రికల్లో ప్రతి పెద్ద అక్షరం పక్కనా చీమలబారులా చిన్న అక్షరాలు వేసి, దీన్ని ఇలా పలకాలి అని చెబుతాం. కొందరు రచయితలు దీంతో వేషాలు వేస్తారు. పెద్ద అక్షరాల్లో 'శత్రువు' అని రాసి, పక్కన చిన్న అక్షరాల్లో 'నేస్తం' అని పలకమంటారు. కంటికొకటి, నోటికొకటి. చదివే పిల్లలకి అదొక సరదా. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఉన్న మాట ఉన్నట్టు రాయడానికి వీళ్ళకేం రోగం అనుకునేవాణ్ణి.

ఉకితా మాస్టారు అలాంటివాడు కాదు. ఆయన పేరు ఉకితా షోగో, అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. 'నల్లకెరటం' అనే ఓడదొంగల కథ గీసేవాడు. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా చిన్న అక్షరాలతో ఆటలాడలేదు. తాడంటే తాడు, కత్తంటే కత్తి. అందుకే ఆయన కాగితాలంటే నాకు ఇష్టం.

కథ నేను ముక్కలు ముక్కలుగా మాటల్లోనే ఎరుగుదును. నాగి అనే కుర్ర ఓడదొంగ హీరో. పిల్లలకి వాడంటే ప్రాణం. కానీ పెద్దవాళ్ళు చదివేది కమాండర్ ఇసోజిమా కోసం. అరవై దాటిన మనిషి, ఫిరంగుల మోతకి ఎడమచెవి పోయింది, ఎప్పుడూ చేతిలో ఒక తాడుముక్క పెట్టుకుని ముడులు వేస్తూ విప్పుతూ ఉంటాడు. నాగిని పసిగుడ్డుగా ఉన్నప్పుడు సముద్రంలోంచి తీసి పెంచింది ఆయనే. వాడు పదిహేనో ఏట ఇల్లు వదిలి ఓడదొంగల్లో కలిశాడు. అప్పట్నుంచీ కమాండర్ వాణ్ణి పట్టుకుని ఉరితీస్తానని సముద్రాలన్నీ గాలిస్తుంటాడు. పేరు పెట్టి పిలవడు. 'ఓడదొంగ' అంటాడు, అంతే.

ఆ ఓడదొంగ అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు చాలా తర్వాత తెలిసింది. మాస్టారి తండ్రి ఉకితా గెన్‌పచి నిజంగానే నౌకాదళంలో కమాండర్‌గా చేసి కురె రేవులో రిటైరైన మనిషి. కొడుకుని కూడా నేవీ కాలేజీలో వేశాడు. కొడుకు రెండో ఏడు అక్కణ్ణుంచి బొమ్మలు గీసే కలాలు మూటకట్టుకుని టోక్యో పారిపోయొచ్చాడు. తర్వాత ఒకసారి ఇంటికి వెళ్తే గుమ్మంలోనే ఆపి ఆ తండ్రి అన్న మాట ఇదీ: "ఓడదొంగల బొమ్మలు గీస్తావా? అయితే నువ్వూ ఓడదొంగవే. ఈ గడప తొక్కకు." ఆ తర్వాత ఇంట్లో కొడుకు పేరు ఎత్తలేదు. భార్యని మాత్రం ఎప్పుడైనా అడిగేవాడట, "ఆ ఓడదొంగ తింటున్నాడా?" అని.

ఆ సంవత్సరం జూన్‌లో ఒక పొద్దున, ముసురుపట్టిన వానలో, ఎడిటరు నెగీషి గొడుగు విదిలించుకుంటూ వచ్చాడు. పాతికేళ్ళవాడు, నోరు ఊరుకోదు.

"బాబాయ్, ఈ వారం కమాండర్ పోతున్నాడు. మా ఆఫీసులో ఏడుపులు. మా పెద్దాయనైతే వద్దే వద్దని మొత్తుకున్నాడు. మాస్టారు వింటేగా! రెండు రాత్రులుగా నిద్ర కూడా పోకుండా గీశారు."

"పోతే పోయాడు. నీ ఎర్రసిరా కనిపించేలా గియ్యి, అంతే చాలు. మొన్న 'లంగరు' పక్కన చిన్న అక్షరాలు తప్పు రాశావు, గుర్తుందా?"

"అబ్బా, ఇంకా దాన్నే పట్టుకు వేలాడతావా? అన్నట్టు ముడుల తాత మళ్ళీ కార్డు రాశాడు."

ముడుల తాత అంటే మా అందరికీ ఎరుకే. పత్రికలో ప్రతివారం ఒక కార్డు కుట్టి ఉంటుంది. ఏ కథ నచ్చింది, ఏది నచ్చలేదు అని పాఠకులు రాసి పంపాలి. వేలకొద్దీ వస్తాయి, అన్నీ పిల్లల చేతిరాతలే. వాటిలో ఒక ముసలాయన ఏడేళ్ళుగా తప్పకుండా రాస్తున్నాడు. పేరుండదు. 'కురె, ఒక పాఠకుడు' అని ఉంటుంది. వయసు దగ్గర ఈ ఏడు డెబ్బై మూడు అని వేస్తే కార్డులు విడదీసే అమ్మాయిలు పడీ పడీ నవ్వారట. నచ్చిందీ నచ్చనిదీ ఏమీ రాయడు. తప్పులు రాస్తాడు. తెరచాపకి ఆ ముడి వెయ్యరు. ఆ గాలికి జెండా అటు ఎగరదు. కమాండర్ చొక్కాకి చారలు ఒకటి ఎక్కువయ్యాయి.

"ఈసారి ఏం తప్పట?" అన్నాను.

"కమాండర్ ఎడమచేత్తో సెల్యూట్ చేశాడట. చేతిరాత బాగా వణికింది బాబాయ్. ముసలాయనకి ఒంట్లో బాగాలేనట్టుంది."

నాకు ఆ తాత మీద గౌరవం. తప్పు కనిపిస్తే ఊరుకోలేని జాతి మాది. ఆయన్ని ఎప్పుడైనా కలిస్తే ఇద్దరం కూర్చుని టీ తాగుతూ లోకాన్నంతా దిద్దేస్తాం అనుకునేవాణ్ణి.

నెగీషి కాగితాలు పెట్టి, మధ్యాహ్నానికల్లా కావాలని చెప్పి, మాస్టారింటికి పరిగెత్తాడు. నేను మెషీను ముందు కూర్చున్నాను. ఆఖరి కాగితం మీద మాటలు బాగా తక్కువ. కమాండర్ సహాయకుడు అడుగుతాడు: "వాడు మీ కొడుకా, కమాండర్?" తర్వాత రెండు ఖాళీ బుడగలు. ఆ తర్వాత చివరి బుడగలో ఒకే ఒక్క మాట, పెద్ద సైజులో, కమాండర్ మాట. పెద్ద అక్షరాల్లో 'ఓడదొంగ' అని ఉంది. పక్కన నెగీషి చేతిరాతలో చిన్న అక్షరాలు మూడు. 'కొడుకు' అని.

నేను నవ్వుకున్నాను. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే మొహం కందిపోతుంది. పై వరసలో 'కొడుకా' అని ఉంది కదా, వీడి కన్ను జారి కింది మాట పక్కన అదే రాసేశాడు అనుకున్నాను. లంగరు వెలగబెట్టినవాడే కదా. ఇంకే రచయితదైనా అయితే ఒక్క క్షణం ఆలోచించేవాణ్ణేమో. కానీ ఉకితా మాస్టారు ఆ వేషాలు వెయ్యడు. పన్నెండేళ్ళు చూశాను.

నా మోచేతికి జానెడు దూరంలో నల్లఫోను ఉంది. మాస్టారి నంబరు గోడమీద రాసి ఉంది. పోనీ అడుగుదామా అని చెయ్యి అటు వెళ్ళింది కూడా. రెండు రాత్రులుగా ఆయన నిద్రపోలేదన్నాడు కదా నెగీషి, ఇంత చిన్నదానికి లేపడమెందుకు అనుకున్నాను. అలా అనుకున్నానని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను. నిజం అది కాదు. అడగడం నామోషీ అనిపించింది. నాకు తెలియని తప్పా?

మూడు అక్షరాలు కొట్టేసి నాలుగు వేశాను. ఓ, డ, దొం, గ. గచ్చు, గచ్చు, గచ్చు, గచ్చు.

మధ్యాహ్నం నెగీషి వచ్చాడు. పెద్ద అక్షరాలు మాత్రం చూసుకుని, చిన్నవి చూడకుండానే కత్తిరించి అతికించాడు. "నువ్వు వేస్తే చూడక్కర్లేదుగా" అన్నాడు. నేను గర్వంగా టీ చల్లార్చుకున్నాను.

పత్రిక రెండు వారాల తర్వాత సోమవారం బజార్లోకి వచ్చింది. ఆ రోజు పదింటికే నెగీషి మెట్లు దిగాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. పత్రిక తెరిచి నా ముందు పెట్టాడు.

అప్పుడు చూశాను ఆ బొమ్మని మొదటిసారి. డెక్కు మీద కమాండర్ పడి ఉన్నాడు. నాగి మోకాళ్ళమీద కూర్చుని ఆయన తల ఎత్తి పట్టుకున్నాడు. పన్నెండేళ్ళుగా ముడులు వేసిన ఆ తాడుముక్క ఆయన చేతిలోంచి వాడి చేతిలోకి జారుతోంది, ముడి లేకుండా. కమాండర్ వాడి చెంప మీద చెయ్యి వేసి, పసివాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. ఆ చూపు చూస్తూ నా నాలుగు అక్షరాలు అంటున్నాయి: ఓడదొంగ.

బొమ్మ తెలిసిన వెధవ ఎవడూ ఆ మాట వెయ్యడు.

"ఎందుకు మార్చావు బాబాయ్?" అన్నాడు నెగీషి.

"నువ్వు తప్పు రాశావనుకున్నాను."

"నేను మూడుసార్లు చూసి రాశాను. మాస్టారు బొమ్మ మీద పెన్సిల్‌తో ఎలా రాశారో అలా. అతికించేటప్పుడు మళ్ళీ చూడలేదు, నా తప్పు అదీ. ఆయన తండ్రి కురెలో ఆసుపత్రిలో ఉన్నారు బాబాయ్. నెల తిరగడం కష్టమన్నారట. ఆయన చదవాలనే మాస్టారు కమాండర్‌ని ఈ వారమే..."

మిగిలింది నేను వినలేదు. ఫుసాఎ చీకటిగది తలుపు దగ్గర నిలబడిపోయింది.

"ఇప్పుడు ఫోన్ చెయ్యండి," అంది. "ఆ ఆసుపత్రికి చెయ్యండి. అచ్చుతప్పని చెప్పమనండి."

నెగీషి మాస్టారికి చేశాడు. అవతలినుంచి ఆయన ఏమన్నాడో నాకు వినిపించలేదు. నెగీషి ఫోను పెట్టేసి, "వద్దన్నారు" అన్నాడు. "అచ్చుతప్పని ఫోన్లో చెబితే ఆయనకి అది సాకులా వినిపిస్తుందట. తనే వెళ్ళి చెబుతారట. వచ్చే వారం పేజీలు ఇచ్చేసి, శుక్రవారం బండికి."

గెన్‌పచి గారు గురువారం తెల్లవారుజామున పోయారు.

మా ఆచారం ప్రకారం నలభై తొమ్మిదో రోజు చేసే కర్మలు అయ్యాక, ఆగస్టు ఎండలో, ఉకితా మాస్టారు మా మెట్లు దిగి వచ్చాడు. చేతిలో కురె నుంచి తెచ్చిన ఎండు చిరుచేపల పొట్లం. నేను నేలకి తల ఆనించి ఉండిపోయాను.

"లేవండి బాబాయ్. మీరలా ఉంటే నేను మాట్లాడలేను," అన్నాడు. "మీకెందుకు తెలుస్తుంది? పన్నెండేళ్ళు నేనెప్పుడూ అలా వెయ్యలేదు. వేసిన ఒక్కసారీ పక్కన 'ఇది తప్పు కాదు' అని రాస్తే సరిపోయేది. రాయబోయాను కూడా. సిగ్గేసింది. నెగీషి చదివి నవ్వుతాడేమోనని."

"మీ నాన్నగారు... చదివారా?"

"చదివారు. అమ్మ పక్కనే ఉంది. పేజీ మీద చాలాసేపు ఆగారట. తర్వాత పత్రిక మూసి గుండెల మీద పెట్టుకున్నారట. కాసేపటికి పెన్సిల్ ఇమ్మన్నారట, కార్డు చింపి ఇమ్మన్నారట."

ఆయన జేబులోంచి ఒక కార్డు తీసి బల్లమీద పెట్టాడు. 'కురె, ఒక పాఠకుడు'. వయసు డెబ్బై మూడు.

"మీకు తెలుసా మాస్టారూ? ముడుల తాత ఎవరో?"

"ఏడేళ్ళ కిందట మొదటి కార్డు చూడగానే తెలిసింది. 'ముడి' అనే అక్షరానికి అంత పొడుగు తోక లాగేది మా నాన్నొక్కడే. ఆయన తప్పు రాసేవారు, నేను వచ్చే వారం దిద్ది గీసేవాణ్ణి. దిద్దింది బాగుంటే దాని మీద మళ్ళీ కార్డు రాదు. మేము మాట్లాడుకున్నది అలాగే బాబాయ్. మా నాన్న తిట్టకపోతే బాగా గీశానని లెక్క." నవ్వబోయాడు, రాలేదు. "ఈసారి ముందు నేనే నోరు విప్పుదామనుకున్నాను."

కార్డు నా వైపు జరిపాడు. పెన్సిల్ అక్షరాలు, సగం వంకరపోయాయి, ఒకచోట కాగితం చిరిగింది. నేను ముప్పై ఒక్క ఏళ్ళలో చదివిన అక్షరాలన్నీ మర్చిపోయినా ఇవి మర్చిపోను.

'ఇసోజిమా ఆఖరి మాట తప్పు. అన్నేళ్ళు వెతికినవాడు చేతికి దొరికినప్పుడు ఏ కమాండరూ వాణ్ణి ఆ పేరుతో పిలవడు. ముసలివాళ్ళ సంగతి ఈ రచయితకి తెలియదు. అక్కడ ఉండాల్సిన మాట వేరు. సరిచేయగలరు.'

నేను చదివి, ఇంకోసారి చదివి, కార్డు మీద కన్నీళ్ళు పడకుండా దూరంగా పెట్టాను. ఏడ్చాను. సిగ్గుపడకుండా ఏడ్చాను. ఆయన చెప్పింది నిజం. ఆయన పట్టిన తప్పుల్లోకెల్లా పెద్ద తప్పు అది, చేసింది నేను, నింద పడింది ఆయన కొడుకు మీద. ఈ రచయితకి తెలియదు అనుకుంటూ పోయాడాయన. తెలుసు. తెలిసి రాశాడు. మధ్యలో నేను కూర్చున్నాను.

"అక్టోబరులో పుస్తకంగా వస్తుంది," అన్నాడు మాస్టారు. "ఆ మాట మళ్ళీ వెయ్యాలి. మీరే వెయ్యాలి."

"నా చేత్తో వద్దు మాస్టారూ."

"అయితే మీట నేను నొక్కుతాను. అక్షరాలు మీరు వెతకండి."

పలక జరిపాను. ఆయన పక్కన నిలబడి మీట నొక్కాడు. కొ. డు. కు. ప్రతిదానికీ కాస్త ఆగాడు. ఫుసాఎ కాగితం కడిగి, తడి ఆరకముందే తెచ్చి ఇచ్చింది. ఆయన ఇంకొక కాపీ అడిగాడు. పుస్తకానికి ఒకటి పక్కన పెట్టి, రెండోదాన్ని గోరంత ముక్కగా కత్తిరించి, కార్డు మీద 'సరిచేయగలరు' అన్న మాట కింద అతికించాడు. కార్డు జేబులో పెట్టుకున్నాడు. దణ్ణం పెట్టి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఫుసాఎ చిరుచేపలు వేయించి పెట్టింది. నేను ముట్టలేదు.

"ఫోను మీ మోచేతి పక్కనే ఉంది కదండీ," అంది. దెప్పడానికి అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

అక్టోబరులో పుస్తకం వచ్చింది. ఆ పేజీ చూసి ఏడ్చామని దేశం నలుమూలల నుంచీ పిల్లలు ఉత్తరాలు రాశారు. నెగీషి కొన్ని తెచ్చి చూపించాడు, నా మనసు తేలికపడుతుందని. పడలేదు. లక్షలమంది చేత ఆ మాటను కొడుకు అని చదివించాను. చదవాల్సిన ఒక్క మనిషి చేత మాత్రం ఓడదొంగ అని చదివించాను.